నేలని పట్టని వేళ్ళు

బందరు నుంచి కోడూరు వెళ్ళే బస్సులో, ఒక వానాకాలం, నా పక్కన ఒకావిడ కూర్చుంది. తన స్టాపు రాగానే లేచి మెట్టుదాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి ఊళ్ళోకి పొలంగట్టే దారి. నల్లటి బురదని చూసి ఆగిపోయింది.

“దిగవమ్మా!” కండక్టర్ కసిరాడు.

వెనక్కొచ్చి కూర్చుంది.

“కీళ్ళవాతానికి కాలివేళ్ళ దగ్గర ఆపరేషన్ చేశారండీ, పన్నెండేళ్ళయింది. నొప్పి పోయింది. వేళ్ళు తిన్నగానే ఉన్నాయి గానీ నేలని పట్టవు. సిమెంటు రోడ్డయితే నడుస్తాను. కోడూరెళ్ళి ఇదే బస్సులో తిరిగొస్తాను. అప్పటికి ఇక్కడ చెయ్యందించే మనిషి ఎవరైనా ఉంటారేమో.”

నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. తర్వాతి స్టాపులో దిగిపోయాను.

ఇప్పటికీ వానలో బస్సు దిగేటప్పుడు, వేళ్ళు బురదని పట్టేదాకా తలుపు దగ్గరి రాడ్డు వదలను.