మెత్తగా తిరిగిన వాల్వు

రాకెట్ ఇంజను అంటే అందరూ ఏదో ఊహించుకుంటారు. మాది చూస్తే నవ్వొస్తుంది. మూరెడు కూడా లేని స్టీలు గొట్టం, ఒక పక్క నుంచి స్పిరిట్, ఇంకో పక్క నుంచి వెల్డింగ్ షాపు ఆక్సిజన్. ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్న నేనూ తమ్ముడూ, కాజీపేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో దాన్ని తయారు చేశాం.

ఆక్సిజన్ దారిలో నూనె ఉంటే నిప్పు ముట్టించనక్కర్లేదు, దానంతటదే భగ్గుమంటుంది. ఆ భయంతో నేను తలకు నూనె పెట్టుకోవడమే మానేశాను. మిర్చి బజ్జీ తిన్న చేత్తో తమ్ముడు పానా ముట్టుకుంటే నెత్తిన ఒక్కటి మొట్టాను. ఆక్సిజన్ వాల్వును స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టి బిగిస్తే, అది మొండికేసి కిర్రుమంటూ తిరిగేది. కిర్రుమంటే అననీ, చంపదు కదా అన్నాను. ఇంజను వెలిగించి చూసే రోజు దాన్ని తిప్పాల్సింది తమ్ముడి చెయ్యే.

దసరాకు అమ్మ ఇంట్లో ఇనుము అన్నదానికల్లా పూజ చేసింది. బట్టలు కుట్టే తన మిషను, స్కూటరు, నాన్న పానాలు, చివరికి మా ఇంజను. పండుగ తెల్లారి ఇంజను వెలిగించి చూద్దామని షెడ్డులోకి వెళ్లి, దాని మీద పసుపు కుంకుమలు చూసి అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

“అమ్మా! దీనికి నూనె రాసినవా?”

“రాయలే బిడ్డా. నీళ్లల్ల తడిపి బొట్టు పెట్టిన, గంతే.”

“ఒట్టు?”

“పండుగ తెల్లారి ఒట్లేందే? రాయలేదంటి గదా!”

అయినా నా మనసు ఒప్పలేదు. బొట్లన్నీ కడిగేశాను. పైపులు మళ్లీ తుడిచాను.

“నీ చాదస్తం తగలెయ్య! ఎండెక్కుతాంది అక్కా” అని తమ్ముడు విసుక్కున్నాడు. ఫోన్లో వీడియో పెట్టి, నన్ను ఇసుక బస్తాల వెనక నిలబెట్టాడు. తను గోడ చాటు నుంచి చెయ్యి చాపి వాల్వు పట్టుకున్నాడు.

“అబ్బ, ఇయ్యాల ఎంత మెత్తగ తిరుగుతాందే!”

వద్దురా అని అరిచాను. ఆ అరుపు సగంలో ఉండగానే తెల్లటి మంట లేచింది, షెడ్డు రేకులు అదిరిపోయాయి.

దవాఖానలో వాడి కుడిచేతి వేళ్లు రెండు తీసేశారు. అమ్మ నా పక్కన బెంచీ మీద ఏడ్చి ఏడ్చి అలసిపోయింది. కళ్లు తుడుచుకుంటూ మెల్లగా అంది.

“గా వాల్వు బాగ గట్టిగుండెనే. పూజకు ముంగట నా మిషన్ల పోసినట్టే, దాని పిడి సందుల గూడ రెండు చుక్కల నూనె పోసిన. గందుకే పోరడు జల్ది బందు చేసిండు. లేకుంటే చెయ్యంత పోతుండె గదనే?”

నేను రాసినవా అని అడిగాను. ఆమె నిజంగానే రాయలేదు, పోసింది. కోపంతో అరిచేసేదాన్నే. కానీ అమ్మ కళ్లు తుడుచుకోవడం కూడా ఆపి నా నోటి వంకే చూస్తోంది.

“అవునమ్మా,” అన్నాను. “లేకుంటే చెయ్యంత పోతుండె.”