ఆరు వందల టర్కీ టవళ్ళు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో భుజం తగిలిన ప్రతి మనిషీ ఏదో ఒక కోర్సు చేస్తున్నవాడే. నేనూ తణుకు నుంచి వచ్చి, లేడీస్ హాస్టల్లో ముగ్గురుండే గదిలో నాలుగో మంచం వేయించుకుని, రెండు కోర్సులు పూర్తిచేసి, మూడోదానికి ఓపిక చాలక పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో చేరిపోయాను. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని చెప్పాను (కంప్యూటర్ ముందే కూర్చుంటాను కాబట్టి పూర్తి అబద్ధమనిపించలేదు). నిజానికి మా పని కెనడా నుంచి అమెరికాకు వెళ్ళే లారీల కాగితాలు చూడటం. లారీ సరిహద్దు చేరకముందే అందులో ఏ సరుకుందో, ఎంతుందో, ఎక్కడిదో అక్కడి కస్టమ్స్ వాళ్ళకు కంప్యూటర్‌లో పంపాలి. అన్నీ సరిపోతే డ్రైవరు గేటు దగ్గర కాగితం చూపించి సాగిపోతాడు. ఒక్క మాట తేడా వచ్చినా లారీని పక్కకు తీయిస్తారు. తణుకు దాటితే రాజమండ్రి తప్ప మరో సరిహద్దు ఎరగని నేను, ఎక్కడో రెండు దేశాల మధ్య గేట్లు తెరిపించేదాన్నయ్యాను.

మాకు సాయంత్రమైతే అక్కడ పొద్దున. ఆ వేళకు ఫ్యాక్సులు వరసగా వచ్చేవి. వాటిని అందుకుని మాకు పంచేది సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక అన్న. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, అందరికీ ఫ్యాక్సన్నే. ఒకరోజు ఆయన తెచ్చిచ్చిన కాగితంలో ఇంకు పాకి సగం నల్లబడింది. 'టర్కీ' అన్న మాట, 'ఆరు వందలు' అన్న అంకె మాత్రం కనిపిస్తున్నాయి. మిగతాది మసి. అలాంటప్పుడు పంపినవాళ్ళకు ఫోన్ చేసి అడగాలన్నది నియమం. కానీ నాకు ఇంగ్లీషులో ఫోన్ అంటే చెమటలు పట్టేవి. గ్రామరంతా వచ్చు, నోరే పెగలదు. "టర్కీ నుంచి ఏమొస్తాయన్నా?" అని అడిగాను. నేతపని వాళ్ళింట్లో పుట్టిన ఫ్యాక్సన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గదేంది చెల్లె, టర్కీ అంటె టవలే గద! మా దిక్కు మస్తు నేస్తరు" అన్నాడు. అంతే. సరుకు: టవళ్ళు. ఎన్ని: ఆరు వందలు. ఏ దేశానివి: టర్కీ. సారు (మా టీమ్ లీడరు) చూసి, తలూపి, కింద సంతకం పెట్టి పంపించేశారు. పని ఇంత చకచకా చేయగలుగుతున్నందుకు నన్ను నేనే మెచ్చుకుని ఒక టీ కూడా తాగాను.

రెండు రోజుల తర్వాత సాయంత్రం సారు పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంకా ఆఫీసుకు రాలేదు. ఆయన బల్లమీది ఫోన్ ఆగకుండా మోగుతోంది. తప్పక ఎత్తాను. అవతల, సరిహద్దు గేటు దగ్గర్నుంచి, మా కాగితం మీది నంబరు చూసి చేసిన ఒక పంజాబీ డ్రైవరు. ముందు ఇంగ్లీషులో అరిచి, నా 'హలో' వినగానే హిందీలోకి దిగాడు. "బేటీ, టవల్ కహాఁ సే ఆయా? యే టర్కీ హై, టర్కీ! ముర్గీ కా బడా భాయ్!" పదో తరగతి హిందీతో నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. కోడికి పెద్దన్న. లారీ నిండా ఆరు వందల బతికున్న టర్కీ కోళ్ళు. గేటు దగ్గర ఆఫీసరు టవళ్ళు చూద్దామని తలుపు తీయిస్తే అవన్నీ ఒక్కసారిగా మెడలు చాచాయట. లారీని పక్కకు తీయించారు. పక్షుల్ని చూసే పశువుల డాక్టరు ఇంకో గంట మాత్రమే ఉంటాడు. ఈలోగా కాగితం మారకపోతే అవి రేపటి దాకా ఆ చలిలో, ఆ బోనుల్లోనే. "సబ్ మర్ జాయేంగే, బేటీ" అన్నాడు, అన్నీ చచ్చిపోతాయని. అప్పుడతని గొంతులో కోపం లేదు.

నా ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. ఫ్యాక్సన్న పరిగెత్తుకొచ్చి విషయం విని, "నేనే గద టవలన్న. సారుకు నా పేరే చెప్పు, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఆ ఉద్యోగం మీదే సంసారం. "వద్దన్నా, రాసింది నేనే" అన్నానుగానీ ఏడుపు ఆగలేదు. కాగితం మార్చాలంటే అమెరికాలోని మా కంపెనీ ఏజెంటుకు ఫోన్ చేసి, తప్పు మాదేనని చెప్పి, కొత్తది పంపాలి. సారు సెల్‌ఫోన్ కలవడం లేదు. ఫ్యాక్సన్నే నంబరు నొక్కి రిసీవరు నా చేతిలో పెట్టాడు.

అవతల ఒక పెద్దావిడ గొంతు. నేను గ్రామరు మర్చిపోయి, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను: మేడమ్, అవి టవళ్ళు కావు, పక్షులు, తప్పు నాది, డ్రైవరుది కాదు, డాక్టరు వెళ్ళిపోతాడు, దయచేసి తొందరగా. ఏ పక్షులమ్మా అని ఆవిడ అడిగితే, గాభరాలో "చికెన్స్ ఎల్డర్ బ్రదర్, మేడమ్" అన్నాను. ఆవిడ నవ్విన నవ్వు గది అంతా వినిపించింది. నవ్వుతూనే ఒక్కో గడిలో ఏం రాయాలో చెప్పింది. నేను టైపు చేస్తుంటే, ఫ్యాక్సన్న నా వెనక నిలబడి ఒక్కో అక్షరం పైకి చదివాడు. ఈసారి ఊహించి చెప్పలేదు, చూసి చదివాడు.

సారు వచ్చేసరికి కాగితం వెళ్ళిపోయింది. జరిగిందంతా నిలబడి చెప్పాను. ఆయన పాత కాగితం తీసి, కింద తన సంతకం చాలాసేపు చూసుకుని, "నేనూ టవళ్ళే అనుకున్నానమ్మా" అని మెల్లగా కూర్చున్నారు. ఇంతలో డ్రైవరు ఫోన్. డాక్టరు చూశాడట, లారీ గేటు దాటిందట. "సున్, బేటీ" అని ఫోన్ బోనుల దగ్గర పెట్టాడు. స్పీకరులోంచి వచ్చిన ఆ గలభాకు ఆఫీసంతా లేచి నిలబడింది. ఫ్యాక్సన్న మాత్రం చెవి దగ్గరగా పెట్టి, "ఖుషీగున్నయ్ చెల్లె" అని తేల్చాడు.

మర్నాటి నుంచి, మసక ఫ్యాక్సులు వస్తే ఫోన్ చేసి అడిగే పని సారు నాకే అప్పగించారు. శిక్షో, నమ్మకమో నేను అడగలేదు. ఆ తర్వాత చాలా ఆఫీసులు మారాను, చాలా పెద్దవాళ్ళతో మాట్లాడాను. ఇప్పుడు తప్పు చేస్తే దాన్ని ఈమెయిల్లో నలుగురి పేర్ల మధ్య సర్దడం కూడా బాగా వచ్చేసింది. అలా సర్దిన రోజు, ఏడ్చి ఎర్రబడ్డ ముక్కుతో 'తప్పు నాది మేడమ్' అని గుక్కతిప్పుకోకుండా చెప్పిన ఆ పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. దాని ఇంగ్లీషు మాత్రం, పాపం, ఘోరం.