ఆగిపోయిన విసుర్రాయి పాట

దయ్యాలనీ ఆత్మలనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టులు చేశాను, ఏదీ కనబడలేదు. అక్షరాలు దిద్దుకున్నదే నడివయసులో. కల్పించి రాసేంత విద్య నాకు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇంట్లో కంప్యూటరు మా కూతురు సరితది. నా భార్య యాదమ్మ పోయే ముందు ఏడాది, సరిత మైకు పెట్టి ఆమెతో విసుర్రాయి పాట పాడించింది. యాదమ్మ తల్లి పాడే పాట అది. చివరి చరణం మరిచిపోయి ఆగింది. నేను నవ్వాను.

"నవ్వుతవేందయ్యా? నువ్వు పాడు మరి, సూస్త" అంది.

రికార్డు అక్కడితో అయిపోతుంది. ఆమె పోయాక నేను పెట్టించుకుని వినేది పాట కోసం కాదు, ఆ దెప్పు కోసమే. ఆమె గొంతు నాతో మాట్లాడేది ఆ ఒక్కటే మిగిలింది.

ఒక దసరాకు కంప్యూటరుకు పూజ చేశాను. ఫ్యాక్టరీలో లేత్ మిషన్లకు ప్రతి ఏడూ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు చల్లేవాళ్లం. ఏ మిషనూ చెడలేదు. ఇది మాత్రం, నీళ్లు పై సందుల్లోంచి దిగగానే ఆగిపోయింది.

"గిది లేత్ మిషన్ అనుకున్నవా బాపూ?" అని సరిత నెత్తి పట్టుకుంది.

హార్డ్ డిస్క్ పోయిందన్నాడు రిపేరు షాపతను. నయం, సరిత అన్నీ ముందే ఒక సీడీలోకి ఎక్కించి బీరువాలో పెట్టింది. అయినా షాపు చుట్టూ తిరగడం తప్పలేదు. ఒకనాడు కరెంటు లేదు, ఒకనాడు డిస్క్ రాలేదు, ఒకనాడు అతనే లేడు.

"పెద్దాయనా, జెర ఓపిక పట్టు."

"నా ఓపిక నీ మెట్లెక్కుడుకే అయిపోయింది."

చివరికి కొత్త డిస్క్ వేసి, సీడీలోవన్నీ అందులోకి ఎక్కించి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి పాట పెట్టాం. యాదమ్మ అక్క నర్సమ్మ కూడా జిన్నారం నుంచి వచ్చి ఉంది.

ఆగాల్సిన చోట పాట ఆగలేదు. యాదమ్మ గొంతే. ఊపిరి తీసుకుని చివరి చరణం మొత్తం పాడింది. ఆ తర్వాత నా నవ్వూ లేదు, ఆమె దెప్పూ లేదు.

నర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మా అవ్వ గిట్లనే పాడేది. నాకు సుత యాదికి లేకుండె."

సరిత ఆ సీడీని ఇంకోచోట పెట్టి విన్నది, అక్కడా అంతే. సీడీ చేసిన రోజు విన్నప్పుడు తల్లి దెప్పు అందులో ఉందని ఒట్టేసి చెబుతుంది. పాడించింది ఒక్కసారే. షాపతన్ని అడిగితే, "పాట మంచిగనే వస్తున్నది గద, ఇంకేం గావాలె?" అన్నాడు.

విన్నవాళ్లంతా అదృష్టమంటారు. నర్సమ్మ ఆ చరణం నేర్చుకుని పాడుతోంది. అది ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెచ్చినవాళ్లెవరో నన్ను ఒక్క మాట అడిగి ఉంటే వద్దనేవాణ్ని.

పాట అయిపోయాక సరిత ఆపబోతుంది. జెర ఉండనీ అంటాను. ఏమీ రాదు.