యేసుపాదం చూసిన మచ్చ

మా చర్చికి ప్రహరీ కట్టించింది నేను, బోరు వేయించింది నేను. ఊరి బడిలో ఎనిమిది దాకా చదివి, విస్సన్నపేట చుట్టుపక్కల ఎన్నో తగవులు తీర్చాను. అందుకే యేసుపాదం గురించి రాయమని అంతా నన్నే అడిగారు. పెద్దల బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నవాణ్ణి నేను.

యేసుపాదం మామిడి షెడ్డులో కాయలు ఏరే మేస్త్రి. బంగినపల్లి మీద ముచ్చిక నుంచి కారిన సొన మచ్చ ఆవగింజంత ఉన్నా పక్కన పడేసేవాడు. "ఎండకు కమిలిందేమో బాబాయ్" అని కూలీలు బతిమాలితే, "నాకు చెప్తున్నావా? సొన మచ్చని చీకట్లో కూడా కనిపెడతాను" అనేవాడు. అది గొప్పలు పోవడం కాదు, నిజమే. సంఘంలో మనుషుల్నీ అలాగే ఏరేవాడు.

ఒక వేసవిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం వచ్చింది. తోటల్లో కాయకోతకు వెళ్లే సుసన్నా, ముసలి తల్లితో ముందు వరుసలో కూర్చుంది. కనుబొమల మధ్య నల్లగా, గుండ్రంగా ఒక మచ్చ. కోత మొదలుపెట్టే రోజు తోట ఆసాములు పూజ చేసి కూలీలకు బొట్లు పెట్టడం ఇక్కడ మామూలే. మా సంఘంలో బొట్టు పెట్టుకోరు. రోజూ పెట్టుకుని చర్చికొచ్చేటప్పుడు తుడిచేస్తోందని, ఆ మరకే మిగిలిందని యేసుపాదం తేల్చేశాడు. రొట్టె పళ్లెం ఆయన చేతిలో ఉంది. ఆమె చెయ్యి చాపింది. పళ్లెం పక్క మనిషి దగ్గరికి జరిగిపోయింది.

"ముందు నుదురు శుభ్రంగా కడుక్కోమ్మా," అన్నాడు, అందరూ వినేలా.

సుసన్నా లేచి వెళ్లిపోయింది. వెనకాలే తల్లీ వెళ్లింది. మళ్లీ మా చర్చి మెట్టు ఎక్కలేదు. చాట్రాయి వైపు మకాం మార్చేశారు.

ఏళ్లు గడిచాయి. పోయినేడు యేసుపాదం మనవరాలు దివ్య సరదాపడి, గెడకర్రకు వల కట్టిన చిక్కం పట్టుకుని కాయ కోసింది. ముచ్చిక విరిగి పైనుంచి సొన చుక్క నుదుటి మీద పడింది. చర్మం కాలి, రెండు మూడు రోజుల్లో నల్లటి మచ్చ తేలింది. ఆదివారం నేనే వేళాకోళమాడాను: "ఏంటే, మీ తాతకు తెలియకుండా బొట్టు పెడుతున్నావా?"

"సొన తాతయ్యా! ఎంత రుద్దినా పోవట్లేదు."

యేసుపాదం ఆ పిల్ల నుదుటిని వేలితో తడిమి చూశాడు. ఆరాధన కాగానే, "చాట్రాయి వెళ్దాం, బండి తియ్యి," అన్నాడు నాతో.

సుసన్నా అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. నుదురు ఎప్పుడో తేటపడింది.

"అప్పుడు నీ మొహం మీద ఉన్నది సొనేనా అమ్మాయ్?"

"ఇప్పుడా అడిగేది బాబాయ్? కాయ మీదైతే చీకట్లో కూడా కనిపెడతావు. మనిషి మీద పట్టపగలు తెలియలేదా?"

"తప్పయిపోయింది. ఆదివారం రామ్మా, నా చేత్తో ఇస్తాను."

"నాకిస్తావు. మా అమ్మకో? నాకివ్వని రొట్టె తనకొద్దంది. చచ్చేదాకా ముట్టలేదు."

నేను సర్దిచెప్పబోయాను.

"మీరు ఊరుకోండి పెద్దాయనా. నా కోపం ఎప్పుడో పోయింది. మా అమ్మ సంగతి దేవుడి దగ్గర బాబాయే చెప్పుకోవాలి."

తిరిగి వస్తుంటే బండి వెనక నుంచి, "పైన నన్నూ అలాగే చూస్తే ఏం చెయ్యాలిరా? ఏమీ అడక్కుండా, ఒక్క మచ్చ చూసి?" అన్నాడు.

నేను బండి వేగం పెంచాను.

అప్పటినుంచి వెనక వరుసలో కూర్చునేవాడు. పళ్లెం దగ్గరికొస్తే, "సుసన్నా తీసుకున్నాక" అనేవాడు. ఈ వేసవిలో మంచం పట్టాడు. పాస్టరు గారు రొట్టె తెచ్చినా నోరు తెరవలేదు. నేనే ఆటో పంపి సుసన్నాను రప్పించాను. నా మాట మీద రానివాళ్లు ఈ చుట్టుపక్కల లేరు గానీ, ఆమె మాత్రం ఆయన కోసమే వచ్చింది.

పాస్టరు గారిచ్చిన ముక్కను తుంచి, సగం తను తిని, మిగతా సగం ఆయన పెదవుల దగ్గర పెట్టింది. "తీసుకున్నాను బాబాయ్. నోరు తెరువు."

పెదవులు కదిలాయి. అప్పటికే గుటక పడడం లేదు. కాసేపటికి ప్రాణం పోయింది.

రొట్టె లోపలికి వెళ్లిందా లేదా అని ఇంట్లోవాళ్లు నా ముఖం వైపు చూశారు. అన్ని తగవులు తీర్చినవాణ్ణి, ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను.