మొన పైకి కుట్టిన మూడు పట్టీలు

సూది పనిలో మా వీధి మొత్తం మీద నన్ను మించినవాళ్ళు లేరని నాకు గట్టి నమ్మకం ఉండేది. యుద్ధం రోజుల్లో అన్నయ్య సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళిన ఉదయంతో ఆ పొగరు దిగిపోయింది.

మాది బండారులంక, నేతపని ఇల్లు. యుద్ధం వచ్చాక నూలు దొరక్క మగ్గాలు మూలపడితే అన్నయ్య పటాలంలో చేరాడు. రెండేళ్ళ తర్వాత పది రోజుల సెలవు ఇచ్చి పంపారు. ఖాకీ చొక్కా కుడిచేతి మీద రెండు తెల్ల పట్టీలు కుట్టి ఉన్నాయి. రెండు పట్టీలంటే నాయక్ అట. బయల్దేరే ముందు మూడోది కూడా చేతికిచ్చారు. అది కుట్టించుకుని వెళితే హవల్దారు. మా నాన్న ఆ మాట పట్టుకుని పది రోజులూ వీధి వీధీ తిరిగాడు. అన్నయ్య మాత్రం ఆ పట్టీని పొట్లం విప్పకుండా గూట్లో పెట్టేశాడు. ప్రయాణానికి ముందురోజు నాన్నే తీసి నాకిచ్చి కుట్టమన్నాడు.

చొక్కా చూస్తే నాకు నవ్వొచ్చింది. ఒక్కో పట్టీ మధ్యకి విరిగి మొన తేలి ఉంటుంది, ఆ మొన నేల చూపులు చూస్తోంది. మా మగ్గాల మీద కోటకొమ్ము అంచు నేసేవాళ్ళం. అందులో కొమ్ములు ఎప్పుడూ పైకే నిలబడాలి. కిందకి వేలాడే కొమ్ములతో చీర నేస్తే షావుకారు మొహాన కొడతాడు, నాన్న చెయ్యి చేసుకుంటాడు. పటాలం దర్జీకి ఆ పాటి తెలియదు కాబోలని జాలిపడ్డాను. పాత రెండూ విప్పేసి, మూడింటినీ సమానమైన ఎడంతో, మొనలు పైకి ఉండేలా, దారం కనబడకుండా కుట్టాను.

తెల్లవారి అన్నయ్య చొక్కా తొడుక్కుని తన చెయ్యి వంక చాలాసేపు చూసుకున్నాడు. బాగుందా అని అడిగాను.

"బ్రహ్మాండంగా ఉందే చెల్లాయ్" అని నా తల నిమిరాడు. నాన్న కూడా వస్తానంటే వద్దని, ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని అమలాపురంలో బస్సు ఎక్కడానికి నడిచి వెళ్ళిపోయాడు.

కాసేపటికి వీధి చివర ఉండే పింఛను సిపాయి తాతగారు కర్ర పోటేసుకుంటూ వచ్చారు. వెనకటి యుద్ధంలో బస్రా దాకా వెళ్ళొచ్చిన మనిషి.

"ఏమయ్యా, మీవాడి పట్టీలు ఎవరు కుట్టేరు? మొనలు పైకున్నాయేంటి?"

"మా అమ్మాయేనండీ. ఏవండీ, తప్పా?" అన్నాడు నాన్న.

"తప్పేంటయ్యా, కొంప మునిగింది. ర్యాంకు పట్టీ మొన కిందకే ఉండాల. పైకుండేది బుద్ధిగా పనిచేసినందుకిచ్చే పట్టీ, అది మోచేతి కింద వేస్తారు. రాజమండ్రి స్టేషన్లో మిలటరీ పోలీసులు చూసేరంటే దొంగ వేషం అనుకుంటారు. పారిపోయినవాళ్ళ కోసం రైలు రైలుకీ వెతుకుతున్నారు. కూర్చోబెట్టి కాయితాలు చూసేలోగా రైలు పోద్ది. ఒక్కపూట ఆలస్యంగా చేరినా చాలు, ఆ మూడోది పీకేస్తారు."

సూదీ దారం కొంగున కట్టుకుని నాన్న వెనకాల కాలవగట్టు పట్టి పరిగెత్తాను.

అప్పట్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనకనున్న డ్రమ్ములో బొగ్గు రాజేసి, చక్రం తిప్పుతూ గాలి కొడితే, ఎప్పుడో అంటుకుని కదిలేవి. ఆ రోజు మాకు అదే అదృష్టం. మేం రొప్పుతూ చేరేసరికి బస్సు నిండిపోయి ఉంది, క్లీనరు ఇంకా చక్రం తిప్పుతున్నాడు. డ్రైవరుని బతిమాలి ఆపడానికి నాన్న ముందుకు వెళ్ళాడు. నేను అన్నయ్యని బస్సు వెనక్కి లాక్కొచ్చాను.

"చొక్కా విప్పు అన్నయ్యా, తప్పు కుట్టేను." ఒంటి మీద ఉండగా గుడ్డ కుట్టకూడదని మా ఇంట్లో పట్టింపు.

అన్నయ్య కదల్లేదు. "తెలుసే. పొద్దుటే చూసేను."

"చూసి ఊరుకున్నావా? పట్టీ పీకేస్తారంట!"

"పీకెయ్యనీ." అతని గొంతు నాకు కొత్తగా వినిపించింది. "మూడు పట్టీలోడు ముందు నడవాలే చెల్లాయ్. వెనకాల ముప్ఫైమంది వస్తారు. నాకు ముందున్నోడు బర్మాలో పోయేడు, ఆ ఖాళీలోకే నన్ను తోసేరు. నాకు భయమేస్తంది. నా కోసం కాదు. నేను తప్పు అడుగేస్తే వాళ్ళందరూ పోతారు. నాన్నకి చెప్పకు."

అటువైపు నుంచి నాన్న కేకలు పెడుతున్నాడు. "అయ్యిందా అమ్మా? తొందరగా కానీ, అంటుకుంటంది!"

అన్నయ్య నా మొహంలోకి చూశాడు. నేను కుట్టనని అంటే చాలు, అలాగే వెళ్ళిపోయేవాడు. అప్పుడు నా వయసు పదహారు, ఏమీ అర్థం కాలేదని చెప్పుకోవచ్చు. అది అబద్ధం. నాకు అర్థమైంది. కానీ నేను కుట్టిన కుట్టు తప్పని నలుగురూ అనుకోవడం నేను ఓర్చుకోలేకపోయాను. చెయ్యి చాపాను. అతను చొక్కా విప్పి ఇచ్చి, బొగ్గుపొగలో బనీనుతో నిలబడ్డాడు. మూడూ ఊడదీసి, మొనలు కిందకి తిప్పి కుట్టాను. ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు.

ఇంజను అంటుకుంది. అన్నయ్య బస్సెక్కి మళ్ళీ మా వైపు చూడలేదు.

యుద్ధం అయ్యాక తిరిగి వచ్చి మగ్గం గుంటలో కూర్చున్నాడు. కొన్నాళ్ళకి రాజోలు వైపు నుంచి ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో బైబిలు, అందులో కొడుకు ఫోటో.

"మా అబ్బాయి మీ దగ్గరే పనిచేసేడంటండి. ఆఖర్న ఎక్కడున్నాడండి?" అని అడిగింది.

అన్నయ్య చేతిలో నూలు అటూ ఇటూ ఆడించే నాడె ఆగిపోయింది. "నా వెనకాలే ఉన్నాడండమ్మా. నేను రమ్మన్న చోటికే వచ్చేడు" అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. ఆయ్ అని తలూపి, కాసిని మంచినీళ్ళు ఇమ్మని అడిగింది. నీళ్ళు తెచ్చిచ్చాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆవిడ ఎదుటే నిలబడ్డాను, ఆ పట్టీలు తిప్పి కుట్టి పంపింది నేనేనని చెప్పేద్దామనుకుంటూనే. చెప్పలేదు. ఇంత బతుకులో అన్నయ్య తన భయాన్ని ఒక్క మనిషికే చెప్పుకున్నాడు. ఆ మనిషి అంతా విని, సూదిలో దారం ఎక్కించింది.