ఛాతీ కొలవని సైన్యం

మధ్యాహ్నం పన్నెండు దాటిందంటే అమెరికాలో, నార్త్ కరొలైనా రాష్ట్రం మోరిస్‌విల్‌లోని ఆఫీసులన్నీ ఆ తెలుగువాళ్ల టిఫిన్ సెంటర్ మీద పడతాయి. దోశ ఎర్రగా ఉండాలి, నెయ్యి తక్కువగా ఉండాలి, మూడు నిమిషాల్లో టేబుల్ మీదికి రావాలి. దాన్ని కాల్చేవాడు ఎవడో ఎవరికీ అక్కర్లేదు. తొమ్మిదేళ్లుగా అక్కడ పెనం ముందు నిలబడ్డవాడు కోటయ్య.

అలాంటి కోటయ్య జూలైలో ఉన్నట్టుండి ఈలలు వేయడం మొదలుపెట్టాడు. అట్లకాడ భుజాన పెట్టుకుని పెనానికీ గ్రైండర్‌కీ మధ్య కవాతు చేస్తున్నాడు. పక్కన చట్నీకి తిరగమోత వేస్తున్న అతని భార్య భానుమతి నెత్తి కొట్టుకుంది.

"ఏందయ్యా ఈ గెంతులు? ఇంట్లోకి గానీ తుపాకీ వచ్చిందో, నేను బయటికి పోతా!"

"తుపాకీ లేకపోయినా సైనికుడి లెక్కేనంట! అనికమ్మ చెప్పింది."

అనిక ఆ హోటలు యజమాని కూతురు. ఇక్కడే పుట్టింది, లా చదువుతోంది. కోటయ్యను పౌరసత్వ పరీక్షకు కూర్చోబెట్టి చదివించింది ఆ పిల్లే. అలా చదివిస్తూ ఒకరోజు రాజ్యాంగం రెండో సవరణ దగ్గర ఆగింది.

"అంకుల్, ఆయుధాల హక్కు కంటే ముందు ఇందులో మిలీషియా అని ఉంది. ఆ ముక్కకీ ఈ ముక్కకీ లింక్ ఏంటని టూ హండ్రెడ్ ఇయర్స్ నుంచి ఫైట్ చేస్తున్నారు."

"మిలీషియా అంటే ఎవరమ్మా?"

"ఆర్డినరీ పీపుల్. ఫెడరల్ లాలో, సెవెంటీన్ నుంచి ఫార్టీఫైవ్ లోపు, హెల్దీగా ఉన్న సిటిజన్ మగవాళ్లు అందరూ. యూనిఫామ్ లేదు. ఎవరూ పిలవరు కూడా. జస్ట్ లాలో ఉంటారు."

"ఛాతీ కొలుస్తారా?"

"వాట్?"

"టేపు పెట్టి."

"నో అంకుల్!"

ఆ మాటతో కోటయ్య పాతికేళ్లు వెనక్కి పోయాడు. పంతొమ్మిదేళ్ల వయసులో, గుంటూరులో సైన్యం ఎంపికకు వెళ్లి, తెల్లారేదాకా రోడ్డు మీద పడుకుని, మైలు పరుగు నెగ్గి, చొక్కా విప్పి నిలబడ్డాడు. ఎంత ఊపిరి పీల్చినా టేపు రెండు సెంటీమీటర్లు తక్కువే చూపించింది. కొలిచినవాడు ముఖమైనా ఎత్తకుండా "నెక్స్ట్" అన్నాడు. పరుగెత్తిన కాళ్లను ఎవడూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత కోటయ్య చేరిన చోటల్లా వంటిల్లే. ఏ పట్టీలోనూ అతని పేరు ఎక్కలేదు.

ఇప్పుడు ఎక్కబోతోంది! తల్లి చెప్పిన ప్రకారం అతను పుట్టింది కార్తీక పౌర్ణమికి రెండు రోజుల ముందు. అంటే నలభై ఐదు నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. సైన్యంలో నాలుగు నెలలు! అతనికి అది చాలు.

పరీక్ష పాసయ్యాడు. గురువారం డర్హమ్‌లో పౌరసత్వ ప్రమాణం. 'చట్టం కోరినప్పుడు అమెరికా తరఫున ఆయుధం పడతాను' అనే వాక్యం దగ్గర కోటయ్య గొంతు ఎంత పైకి లేచిందంటే, ముందు వరుసలోని ముసలమ్మ ఉలిక్కిపడి వెనక్కి చూసింది. చేతిలో చిన్న జెండాతో తిన్నగా వంటగదిలోకి వచ్చి, పెనం దగ్గర నిలబడి సెల్యూట్ కొట్టాడు.

అక్కడే కూర్చుని అతని పాస్‌పోర్ట్ ఫారం నింపుతున్న అనిక పెన్ను ఆగిపోయింది.

"అంకుల్... మీ డేట్ ఆఫ్ బర్త్ జూన్ టెన్. మీకు లాస్ట్ మంతే ఫార్టీఫైవ్ అయిపోయింది."

"అది బడి పుట్టినరోజమ్మా! ఐదేళ్లు నిండందే చేర్చుకోరని పంతులుగారు నన్ను జూన్‌లో పుట్టించాడు. అసలుది కార్తీకంలో!"

"టూ బర్త్‌డేసా? లాకి ఒక్కటే తెలుసు అంకుల్."

కోటయ్య బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. పెనం మీద దోశ మాడింది. తొమ్మిదేళ్లలో అతని చేతిలో దోశ మాడడం అదే మొదటిసారి.

"పోనీలేవయ్యా," అంది భానుమతి మెత్తగా. "అప్పుడు టేపు, ఇప్పుడు పంతులు. నీ తప్పేముంది?"

అనిక అతని ముఖం చూడలేక ఫోన్‌లో ఏదో గబగబా వెతికింది. ఉన్నట్టుండి ఎగిరి గంతేసింది.

"అంకుల్! అది ఫెడరల్ లా, కంట్రీ మొత్తానికి. మన స్టేట్ నార్త్ కరొలైనాకి సెపరేట్‌గా ఇంకో లా ఉంది. దీంట్లో సెవెంటీన్ దాటితే చాలు. పైన ఏజ్ లిమిట్ లేదు!"

కోటయ్య లేచిన ఊపుకి బస్తా పక్కకి ఒరిగింది. అట్లకాడ మళ్లీ భుజం మీదికెక్కింది.

"వెయిట్, ఇంకోటి," అంది అనిక నవ్వాపుకుంటూ. "మగవాళ్లు అని కూడా లేదు. సిటిజన్స్ అనే ఉంది."

తిరగమోత గరిటె గాల్లో ఆగింది. "అంటే నేను కూడానా?"

"మీరు లాస్ట్ ఇయరే సిటిజన్ అయ్యారుగా ఆంటీ. అప్పట్నుంచి మిలీషియాలో ఉన్నట్టే!"

నిజమే. ఇంగ్లిషుకు జడిసి కోటయ్య పరీక్ష వాయిదా వేస్తుంటే, భానుమతి నిరుడే పాసై కూర్చుంది. ఆమె కొంగు బిగించి, నడుం మీద చెయ్యి పెట్టి, మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"అయితే నేను నీకంటే ఏడాది సీనియర్ని. నాలుగు మసాలా, రెండు పెసరట్టు. కదులు!"

"ఎస్ మేడమ్!"

కోటయ్య మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. గుండెల నిండా ఊపిరి పీల్చి, అలాగే బిగబట్టి, పెనం మీద పిండి పోశాడు.