కరుణక్క సిమెంటు మోకాలు, నా సిమెంటు లేని మోకాలు

"ఏ కరుణక్క?" అని అడిగాను ఫోన్‌లో.

నాకున్నది ఒక్క కరుణక్కే. అయినా అలాగే అడిగాను.

నిన్న పొద్దున మా రొయ్యల చెరువు గట్టు మీద ఉండగా అక్క వాళ్ల పక్కింటి అబ్బాయి ఫోన్ చేసి, కరుణక్క పోయిందన్నాడు. హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్లేంత టైమ్ కూడా ఇవ్వలేదట.

తెలియనివాళ్లకు చెబుతాను. ఇందుకూరుపేటలో టైలర్ కరుణక్క, మా చర్చి మనిషి. రెండేళ్ల క్రితం మా ఇద్దరికీ ఒకే వారంలో, ఒకే డాక్టర్ దగ్గర, నెల్లూరులో పార్షియల్ నీ రీప్లేస్‌మెంట్ జరిగింది. మోకాలిలో అరిగిన సగమే మార్చారు. అక్కకు ఇంప్లాంట్‌ను సిమెంటుతో అతికించారు. నా ఎముక గట్టిగా ఉందని సిమెంటు లేకుండా బిగించారు. ఎముకే మెల్లగా పెరిగి దాన్ని పట్టుకోవాలి.

ఏది మేలని అడిగితే డాక్టర్ "రెండూ మంచివే" అన్నాడు. ఆ జవాబు మా ఇద్దరికీ నచ్చలేదు.

పక్క బెడ్ మీద నుంచి అక్క ఒకటే ఏడిపించేది.

"నాది ఆపరేషన్ బల్ల మీదనే గట్టిపడిపోయిందిమే. నీ ఎముక ఎప్పుడు పెరగాల, నువ్వెప్పుడు నడవాల?"

ఎముక పట్టుకుంటే ఇక వదలదని నేనూ వాదించేదాన్ని. కానీ నిజంగానే మొదట్లో నాకే నొప్పి ఎక్కువ. మైపాడు బీచ్‌లో తను ముందు వెళ్లిపోయి, నీళ్ల దగ్గర నిలబడి నన్ను కేకలేసేది. నాకు ఒళ్లు మండేది.

ఆ కేక ఇంకొక్కసారి వినాలని ఉంది.

అంత ధైర్యం గల మనిషికి ఒక్కటే భయం. మోకరించడం.

మోకరించకుండా చేసే ప్రార్థన అక్క మనసుకు ఆనేది కాదు. దిండు వేసుకుని మోకరించవచ్చని డాక్టర్ ఇద్దరికీ చెప్పాడు. అయినా సిమెంటు కదిలిపోతుందేమోనని తన దిగులు. చర్చిలో కుర్చీలో కూర్చుని, కింద మోకరించినవాళ్లనే చూస్తుండేది.

"నువ్వు ముందు చెయ్యిమే. నీకేం గాకపోతే నేను గూడా చేస్తా."

వచ్చే ఆదివారం అన్నాను. క్రిస్మస్‌కి అన్నాను. రొయ్యలు పట్టేశాక అన్నాను.

నిజం చెబుతున్నాను, నాకూ భయమే. నా మోకాలే గొప్పదని అంత వాదించి, ఆ మాట ఎలా ఒప్పుకోను?

రెండేళ్లు అక్క నా కోసం ఆగింది.

ఈరోజు సమాధి దగ్గర ప్రార్థనకు నాకు కుర్చీ వేశారు. దాన్ని పక్కకు జరిపి మట్టిలో మోకరించాను.

ఏమీ కాలేదక్కా.

ఇక ఎవరి కోసమూ ఆగకు. దేవుని దగ్గర భయం లేకుండా మోకరించు, నెమ్మదిగా ఉండు.